అత్తగారి మంచానికి ‘లాస్ట్ ప్రైస్’ అడుగుతున్నారు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం. నాకు 56 ఏళ్లు. మావారు ఈమధ్యే రిటైరయ్యారు. మా అబ్బాయి విశాఖలో ఫ్లాటు తీసుకుని మమ్మల్ని కూడా వచ్చేయమన్నాడు. 34 ఏళ్ల కాపురం సామాను రెండు బెడ్‌రూముల ఇంట్లో పట్టదు కదా. వచ్చే నెలాఖరుకి ఇక్కడి ఇల్లు ఖాళీ చేయాలి. అన్నీ పాత సామాన్ల వాడికి వేసేద్దాం అన్నారు మావారు. నాకు మనసొప్పక, ఫోనులో ఫోటోలు పెట్టి అమ్మడం మొదలుపెట్టాను. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. అత్తగారి టేకు మంచం పన్నెండు వేలని పెడితే, పలకరింపైనా లేకుండా ‘లాస్ట్ ప్రైస్ కేతే?’ (ఆఖరి ధర ఎంత?) అని ఒడియాలో అడుగుతారు. మూడు వేలకిస్తావా అని ఒకడు. రేపొస్తానని చెప్పి రానివాళ్లు పదిమంది. మిక్సీ ఊరికే ఇస్తే, చట్నీ జారు లేదేమని తిరిగి ఫోన్ చేసి దెబ్బలాడారు. మా పిల్లలిద్దరినీ ఊపిన కర్ర ఉయ్యాల, పురిటికొచ్చిన కూతురుందని చెబితే ఒకామెకి ఉచితంగా ఇచ్చాను. నాలుగో రోజుకల్లా అదే ఉయ్యాల పదిహేను వందలకి అమ్మకానికి కనిపించింది. ఆ రోజు ఏడ్చేశాను. హైదరాబాద్‌లో ఉన్న మా మరిదికి మంచం సంగతి తెలిసి, ‘అమ్మ మంచాన్ని బజార్లో పెట్టారా వదినా?’ అన్నాడు. మావారేమో ‘నేను ముందే చెప్పాను’ అంటారు. తిరగలి కూడా ఎవరూ ఊరికే ఇచ్చినా తీసుకెళ్లడం లేదు. ఇంకో సంగతి, ఫ్రిజ్ బేరంలో ఎవడో ఫోనులో ఆరున్నర వేలు లాగేశాడు. పది రోజులైంది. ఇంట్లో చెప్పలేదు. మనుషులంటేనే అసహ్యం వేస్తోంది. ఏం చేయను?
– ఒక సోదరి, బరంపురం

జవాబు: అమ్మా, మీరు ఉత్తరం చివర రెండు ముక్కల్లో రాసి వదిలేసిన సంగతి దగ్గరే నేను ముందు ఆగుతున్నాను. ఆ ఆరున్నర వేలు. మీకు నిద్ర పట్టకపోవడానికి మంచం కంటే, ఉయ్యాల కంటే, ఆ దాచిన మాటే పెద్ద కారణమని నాకనిపిస్తోంది. పది రోజులుగా ఫోన్ మోగినప్పుడల్లా మీ గుండె ఝల్లుమంటూ ఉంటుంది. మీవారు బ్యాంకు పాస్‌బుక్ తీస్తే చాలు, మీ చేతులు చల్లబడుతుంటాయి.

ఎలా జరిగిందో మీరు రాయలేదు. సాధారణంగా జరిగేది ఇలా ఉంటుంది. ‘నేను మిలిటరీలో ఉన్నాను, స్వయంగా రాలేను, మా వాడొచ్చి ఫ్రిజ్ తీసుకెళ్తాడు, డబ్బు ఇప్పుడే పంపుతున్నా’ అంటాడు. నమ్మకం కుదరడానికి ఒక ఐడీ కార్డు ఫోటో, ఒక్కోసారి ముందుగా ఒకటో రెండో రూపాయలు. ఆ తర్వాత ఒక క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మీకొస్తుందంటాడు. కొట్టగానే మన ఖాతాలోంచే పోతుంది. డబ్బు పుచ్చుకోవడానికి స్కాన్ చేయాల్సిన పనీ లేదు, పిన్ కొట్టాల్సిన పనీ లేదు. పిన్ అడిగిందంటే అది మన డబ్బు బయటికి పోయే దారి. యూపీఐలో మనుషులు ఒకరినొకరు డబ్బడిగే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. కానీ క్యూఆర్ కోడ్ పంపి చేసే మోసం దానితో ఆగలేదు. చదువుకున్న వాళ్లు, ఉద్యోగస్తులు కూడా ఇందులో పడుతున్నారు. మీరు తెలివితక్కువగా ప్రవర్తించారని మీవారన్నా, మీకు మీరే అనుకున్నా, నేను ఒప్పుకోను. అమ్మకం కొత్త, ఫోన్లో డబ్బు తీసుకోవడం కొత్త. వాడికి మాత్రం రోజూ అదే పని.

ఈ ఉత్తరం చదవడం ఇక్కడ ఆపి, 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాల ఫిర్యాదులకు దేశమంతటికీ అదే నంబరు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లోనూ ఫిర్యాదు రాయవచ్చు. మీ బ్యాంకు శాఖలో కూడా రాతపూర్వకంగా ఇవ్వండి. మెసేజులు, వాడి నంబరు, డబ్బు వెళ్లినట్టున్న వివరం, ఏదీ చెరపకండి. గంటల్లో చెబితే ఆ డబ్బును దారిలోనే ఆపే అవకాశం ఎక్కువ. పది రోజులయ్యాక తిరిగొస్తుందని నేను ఆశ పెట్టను. అయినా ఫిర్యాదు చేయండి. ఆ ఖాతా మీద ఇంకెన్ని ఫిర్యాదులున్నాయో మనకు తెలియదు. మీది కూడా వాటితో చేరాలి.

మీవారికి ఈ రోజే చెప్పండి. ‘మీరు చెప్పింది వినలేదు, తప్పైపోయింది’ అని మొదలుపెట్టకండి. అలా మొదలుపెడితే మాటలన్నీ ఎవరి మాట నెగ్గిందన్న దారిలో పోతాయి. ‘మోసపోయాను, పది రోజులుగా చెప్పలేక నలిగిపోతున్నాను’ అనండి. ఆయన రెండు మాటలు విసురుతారేమో. విసరనివ్వండి. ముప్పై నాలుగేళ్ల కాపురం ఆరున్నర వేలకి చెదిరిపోదు.

ఇక మంచం. ‘లాస్ట్ ప్రైస్ కేతే?’ అన్న మాట మిమ్మల్ని ఎందుకంత కోసిందో ఆలోచించాను. మన చిన్నప్పుడు పాత చీరలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ వీధిలోకొచ్చేది గుర్తుందా? అరుగు మీద గంటసేపు బేరం. ‘ఈ చీరకి ఇంత చిన్న గిన్నా?’ అని మన అమ్మలు, ‘అంచు చిరిగిపోయిందమ్మా’ అని ఆవిడ. అంత గట్టి బేరంలోనూ ఎవరికీ అవమానం అనిపించేది కాదు. మధ్యలో మంచినీళ్లడిగేది, పిల్లలెంతమందని అడిగేది, చీర మడత విప్పి ‘మంచి నేత’ అనేది. ధర తగ్గించినా వస్తువును మెచ్చుకునేది. ఫోనులో ఆ మిగతాదంతా ఎగిరిపోయి ధర ఒక్కటే మిగిలింది. ఆ కుర్రాడు ఒకేసారి పది మంచాలకు అదే మాట పంపుతుంటాడు. వాడికి కనిపించేది నాలుగు కోళ్లు, పట్టెలు. ఆ మంచం మీద మీ అత్తగారు ఎన్నేళ్లు పడుకున్నారో, చివరి రోజుల్లో ఆమెకు పక్క మార్చింది ఎవరో వాడికి తెలిసే వీలే లేదు.

మీరు పెట్టిన పన్నెండు వేలు కర్ర ధర కాదు. ఆ ఇంట్లో మీరు చేసిన సేవకి ఎవరైనా ఒక లెక్క కట్టాలని మీ మనసు కోరుకుంది. ఇలా రాసినందుకు నా మీద కోపం తెచ్చుకోకండి. మా అమ్మ పోయాక ఆమె కుట్టుమిషన్ విషయంలో నేనూ ఇదే చేశాను. కొనడానికొచ్చిన ప్రతివాడినీ ఏదో ఒక వంక పెట్టి పంపేశాను. చివరికి, అమ్మే ఉద్దేశమే నీకు లేనప్పుడు మమ్మల్నెందుకు తిప్పుతున్నావని మా చెల్లెలు అడిగింది. రెండు నెలలు తనతో మాట్లాడలేదు. తను అడిగింది నిజమే.

అందుకని ఇల్లంతా తిరిగి, ప్రతి వస్తువు మీదా చెయ్యి వేసి చూడండి. మూడు వేలకి పోయినా, ఎవరూ మెచ్చుకోకపోయినా పర్వాలేదు అనిపించేవి మాత్రమే ఫోన్లోకి ఎక్కించండి. ఫ్రిజ్, బీరువా, డైనింగ్ టేబుల్, ఫ్యాన్లు అలాంటివి. గుండె పట్టేసినట్టున్న వాటిని అపరిచితుల ముందు పెట్టకండి.

మంచం మాత్రం అమ్మకం నుంచి తీసేయండి. మీ మరిది మాట మీకు గుచ్చుకుంది, గుచ్చుకోవాల్సిందే. కానీ ఆ మాటలో కోపం కంటే బెంగ ఎక్కువ వినిపిస్తోంది నాకు. తల్లి ఇల్లు ఖాళీ అవుతోంది, తనేమో దూరాన ఉన్నాడు. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెబుతాను. వాళ్ల అమ్మ వస్తువుల గురించి వాళ్ల అన్నదమ్ములతో మాట్లాడాల్సింది మీరు కాదు, మీవారు. మన ఇళ్లలో ఇలాంటి పనులన్నీ కోడలి చేతి మీదుగా నడిపించి, ఆ తర్వాత మాట కూడా కోడలికే వస్తుంది. మీవారి చేత ఫోటోలన్నీ కుటుంబం గ్రూపులో పెట్టించండి. ‘ఎవరికేం కావాలో ఫలానా తేదీలోగా చెప్పండి, పంపించే ఖర్చు తీసుకునేవారిది, ఆ తర్వాత మాకు తోచినట్టు చేస్తాం’ అని ఆయన పేరుతో రాయమనండి. మంచాన్ని వడ్రంగితో విప్పదీయించి రైల్లో పార్సిలుగానో, ట్రాన్స్‌పోర్టు లారీలోనో హైదరాబాద్ పంపొచ్చు. మీ మరిది వద్దంటే, ఆ తర్వాత ఎంతకి అమ్మినా మిమ్మల్ని అనే హక్కు ఆయనకుండదు. అప్పుడు కూడా ముందు ఒక మంచి వడ్రంగికి చూపించండి. టేకు విలువ వాడికి తెలిసినంతగా ఫోన్లో బేరమాడేవాడికి తెలియదు.

మీవారి గురించి కూడా ఒక అనుమానం. అన్నీ ఒకేసారి పాత సామాన్ల వాడికి వేసేద్దామని ఆయన అన్నది విసుగుతోనే అని మీరనుకుంటున్నారు. కన్నతల్లి వాడిన వస్తువులు ఒక్కొక్కటిగా గుమ్మం దాటుతుంటే చూడలేక కూడా అని ఉండొచ్చు. నాకు కచ్చితంగా తెలియదు. మీరు అడగండి.

ఉయ్యాల సంగతి చదివినప్పుడు నాకూ బాధేసింది. కూతురు పురుడనే మాట చెప్పి ఉచితంగా తీసుకుని అమ్ముకోవడం తప్పే. ఇందులో మీరు సర్దుకోవాల్సిందేమీ లేదు. అయితే ఆమెకు ఫోన్ చేసి కడిగేయాలని ఉంటే ఆ పని మానండి. మీ ఇంటి చిరునామా ఆమె దగ్గరుంది, మీరు నెలలో ఊరు వదిలి వెళ్తున్నారు. ఆ గొడవ ఆ ఊళ్లో మీరుండే చివరి రోజుల్ని తినేస్తుంది. మిక్సీ తీసుకున్నవాళ్లది దానమిచ్చిన ఆవుకి పళ్లు లెక్కపెట్టిన తీరు. వాళ్ల నంబరు బ్లాక్ చేసి ఊరుకోండి. ఉచితం అని పెడితే అవసరమున్నవాళ్లకంటే ముందు, రోజంతా ఫోన్ పట్టుకుని అలాంటి వాటికోసం చూసేవాళ్లకే అది కనిపిస్తుంది. అందుకని ఊరికే ఇవ్వదలచుకున్నవి ఫోన్లో పెట్టకుండా, ముఖం తెలిసినవాళ్లకి చేత్తో ఇవ్వండి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి, పూలు తెచ్చే ఆవిడ, గుడి దగ్గర పూజారి గారి ఇల్లు. వాళ్లని అడిగితే ఎవరికేం లేదో వాళ్లే చెబుతారు. ‘నచ్చితే వాడుకో, అక్కర్లేకపోతే అమ్ముకో, నాకు చెప్పక్కర్లేదు’ అని నోటితో అని ఇవ్వండి. అలా అనడానికి నోరు రాకపోతే ఆ వస్తువు ఇచ్చేయడానికి మీరింకా సిద్ధంగా లేరన్నమాట. అప్పుడు ఇవ్వకండి.

మిగిలిన అమ్మకాలకి కొంచెం పద్ధతి పెట్టుకుంటే టెన్షన్ తగ్గుతుంది. ఒడిశాలోని మన తెలుగువాళ్లలో చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చు కానీ రాయడం రాదు. పక్కింటి పిల్లల చేత ఒడియాలో నాలుగు లైన్లు రాయించండి. ఎన్నేళ్ల వస్తువో, ఎక్కడ గీత పడిందో, ధర ఎంతో, బండి ఎవరు తెచ్చుకోవాలో. లోపం ముందే రాస్తే తర్వాత దెబ్బలాడేవాళ్లు తగ్గుతారు. మెడికల్ కాలేజీ పిల్లలు, భంజ విహార్‌లోని బరంపురం యూనివర్సిటీ పిల్లలు గదులు అద్దెకు తీసుకుంటారు కదా, బల్లలు, కుర్చీలు వాళ్లకి పనికొస్తాయి. చూడటానికి రావాలంటే ఆదివారం నాలుగు నుంచి ఆరు వరకే, మీవారు ఇంట్లో ఉన్నప్పుడే. రేపొస్తానన్నవాడి కోసం వస్తువు ఆపకండి, ముందు డబ్బుతో వచ్చినవాడికే ఇస్తానని చెప్పేయండి. ఫోన్లో కడితే వాళ్లు చూపించే స్క్రీన్‌షాట్ కాదు, మీ ఖాతాలో పడిందా లేదా చూసుకున్నాకే వస్తువు గుమ్మం దాటాలి. ఫ్రిజ్ నడుస్తుండగా చూపించండి. ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్తే కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే స్విచ్ వేయమని చెప్పండి. చల్లబడటం లేదంటూ రాత్రికే వచ్చే ఫోన్ తప్పుతుంది. గ్యాస్ సిలిండరు మాత్రం స్టవ్వుతో కలిపి ఎవరికీ ఇవ్వకండి, అది కంపెనీ సొత్తు. ఏజెన్సీలో అప్పగించి కాగితం తీసుకుంటే విశాఖలో కనెక్షన్ పెట్టించుకోవచ్చు.

వచ్చే నెలలో ఇల్లు ఖాళీ చేసే ముందు ఇంకా ఏవైనా మిగిలితే అప్పుడు పాత సామాన్ల వాడిని పిలవండి. అప్పటికి ఇంట్లో ఉండేవి నిజంగా పాత సామాన్లే అయి ఉంటాయి.

తిరగలి గురించి ఒక్క మాట రాసి వదిలేశారు. ఎవరూ తీసుకెళ్లడం లేదని. బహుశా బరువుకి భయపడి ఉంటారు. దాన్ని అమ్మకండి, ఇవ్వకండి. పై రాయి, కింది రాయి విడదీసి రెండు గోనె సంచుల్లో కట్టించి, మీ సామాను లారీలో అన్నిటికంటే అడుగున పెట్టించండి. విశాఖ ఫ్లాట్లో బాల్కనీ ఉంటుంది కదా, ఆ మూలకి సరిపోతుంది. మీ కోడలు అడుగుతుంది, ఇదేంటత్తయ్యా అని. పిడికెడు కందిపప్పు పోసి తిప్పి చూపించండి.