కుంకుమ బొట్టు రంగు పోకుండా

అమ్మలూ,

మావయ్య ఆశీస్సులు. తాతయ్య సహస్ర చంద్ర దర్శనం కోసం నువ్వు చేసిన గిఫ్ బొమ్మ, అదే ఆ కదిలే బొమ్మ, చూశాను. ఎంతో ఓపిగ్గా చేశావు. కానీ అమ్మమ్మ నుదుటి మీద బొట్టు మట్టిరంగుకి తిరిగింది, వెనక ఆకాశం చారలు చారలుగా వచ్చింది. ఈ రెండూ సరిచేయవచ్చు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

నీ ఫోటోలో ఒక్కో పిక్సెల్‌కి, అంటే బొమ్మలోని ఒక్కో చిన్న చుక్కకి, ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు ఎనిమిదేసి చొప్పున 24 బిట్లు ఉంటాయి. అంటే కోటీ 67 లక్షలకు పైగా రంగులకు వీలుంది. గిఫ్ 1987లో వచ్చింది. అందులో ఒక పాలెట్‌లో 256 రంగులకు మించి పట్టవు. పాలెట్ అంటే రంగుల పట్టిక. ఫైల్లో ప్రతి పిక్సెల్ దగ్గరా రంగుకి బదులు ఆ పట్టికలోని వరస నంబరు ఉంటుంది. కాబట్టి ఆ 256లో ఏ రంగులకు చోటివ్వాలన్నదే అసలు పని. దాన్ని పూర్తిగా సాఫ్ట్‌వేర్‌కి వదిలేయకు.

బొట్టు ఎందుకు పోయిందో చెప్తాను. రంగుల్ని ఎంచడానికి పాల్ హెక్‌బర్ట్ 1982లో ప్రచురించిన మీడియన్ కట్ అనే పద్ధతి ఉంది. ఫోటోలోని రంగులన్నిటినీ ఒక పెట్టెలో పోసి, రెండు వైపులా సమానంగా పిక్సెల్స్ పడేలా కోస్తుంది. ఆ ముక్కల్ని మళ్లీ మళ్లీ కోసి, చివరికి ఒక్కో ముక్కకు ఒక సగటు రంగు తీస్తుంది. దాంతో ఎక్కువ చోటు ఆక్రమించిన రంగుకే ఎక్కువ వాటా. ఆకాశం, అమ్మమ్మ పట్టుచీర, గోడ కలిసి పట్టికంతా నింపేస్తాయి. బొట్టు నాలుగు పిక్సెల్స్, పాపం, పక్కనున్న చర్మం రంగుతో కలిసిపోతుంది. మన కళ్లు ముందు చూసేది ఆ బొట్టునే, లెక్కకు ఆ సంగతి తెలియదు.

గింప్ అనే ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో పాలెట్స్ కిటికీ తెరిచి, ఆ ఫోటో నుంచే 250 రంగుల పాలెట్ ఇంపోర్ట్ చెయ్యి. తర్వాత బొట్టు మీద కలర్ పికర్ పెట్టి, ఆ ఎరుపునీ, దాని ముదురు, లేత ఛాయల్నీ నీ చేత్తో పాలెట్‌లో కలుపు. అప్పుడు మెనూలో ఇమేజ్, మోడ్, ఇండెక్స్‌డ్ (పాలెట్ రంగులకు మార్చేది)లోకి వెళ్లి కస్టమ్ పాలెట్‌గా దాన్నే ఎంచుకో. గిఫ్‌లో ఒకదాని తర్వాత ఒకటి వచ్చే బొమ్మల్ని ఫ్రేములంటారు. అన్ని ఫ్రేములకూ ఒకటే పాలెట్ వాడితే ఫ్రేము ఫ్రేముకీ రంగులు మారి మినుకుమినుకుమనవు.

చారలకు మందు డిథరింగ్. ఒక పిక్సెల్ విలువ 130 అనుకో, పట్టికలో దగ్గరది 120. మిగిలిన పదిని పారేయకుండా పక్క పిక్సెల్స్‌కి పంచుతారు. ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ 1976లో చెప్పిన లెక్కలో పదహారింట 7 వంతులు కుడికి, 5 కిందికి, 3 ఎడమ కిందికి, 1 కుడి కిందికి పోతాయి. దూరం నుంచి చూస్తే చుక్కలు కలిసిపోయి ఆకాశం నునుపుగా కనిపిస్తుంది. అయితే కదిలే బొమ్మలో ఈ చుక్కలు ఫ్రేముకొక చోటికి మారి పురుగులు పాకినట్టు ఉంటుంది. అందుకని నీ గిఫ్‌కి పొజిషన్డ్ అన్న రకం డిథరింగ్ వాడు. అందులో చుక్కల నమూనా కదలదు. ముగ్గు, అక్షరాలు, గీతల బొమ్మలకు డిథరింగ్ అసలు వద్దు. వాటికి 16 రంగులు చాలా సార్లు సరిపోతాయి, ఫైలు కూడా బాగా తగ్గుతుంది.

సైజు తగ్గించడం, కత్తిరించడం, వెలుతురు దిద్దడం అన్నీ రంగులు తగ్గించే ముందే చెయ్యి. ఇండెక్స్‌డ్ అయ్యాక సైజు మారిస్తే అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. ఒకప్పుడు నేను మా నాన్న పాత ఫోటో స్కాన్‌ని 64 రంగులకు మార్చి, అదే పేరుతో సేవ్ చేశాను. అసలుది మళ్లీ దొరకలేదు. ఇప్పటికీ బాధగా ఉంటుంది. నువ్వు అసలు ఫైలుని వేరే ఫోల్డర్‌లో దాచిన తర్వాతే పని మొదలుపెట్టు.

ఇంకోటి, గిఫ్‌లో పారదర్శకత ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, సగం సగం కుదరదు. కదలని బొమ్మ అయితే పాలెట్ ఉన్న పీఎన్‌జీ అనే ఫైలు రకం వాడు, అందులో ఒక్కో రంగుకీ వేరే పారదర్శకత పెట్టొచ్చు.

అమ్మమ్మ ఫోటో అసలుది నాకు డాక్యుమెంట్‌గా పంపు. మామూలు ఫోటోలా పంపితే మధ్యలోనే నలిగిపోతుంది. బొట్టుకి సరిపడే ఎరుపులు ఇద్దరం కూర్చుని ఏరుదాం.

మీ మావయ్య