పిల్లలు చెప్పని మాట నీ దాకా రావాలి

అమ్మాయీ,

అండర్-16 రిలే జట్టు నీ చేతికొచ్చిందన్న కబురు చదివాక ఆ పూటంతా సంతోషంగా గడిచింది. నా దగ్గర రిలేలో మూడో లెగ్, అంటే మూడో మనిషి పరుగు, పరిగెత్తిన పిల్ల ఇప్పుడు మెడలో విజిల్ వేసుకుంది! అయితే నువ్వు చివర్లో అడిగిన ప్రశ్న దగ్గర ఆగిపోయాను. “వీళ్లని అదుపులో పెట్టడం ఎలా సార్?” అన్నావు.

అదుపు పెద్ద కష్టం కాదమ్మా. గొంతు పెంచితే చాలు, ఆ వయసు పిల్లలు వరసలో నిలబడతారు. మొదటి అయిదారేళ్లు నేను చేసింది అదే. క్రమశిక్షణంటే ఈయన జట్టుదే అని నలుగురూ అంటుంటే పొంగిపోయేవాణ్ణి. కానీ ఆ వరసలో నిలబడ్డవాళ్లలో ఎవరికి ఎక్కడ నొప్పి ఉందో, ఎవరికి పోటీ అంటే రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదో, ఎవరు వచ్చే నెల నుంచి మానేద్దామనుకుంటున్నారో నాకు ఒక్కటీ తెలిసేది కాదు. జట్టులో ఏ సంగతైనా అందరికీ తెలిశాకే నడిపించేవాళ్లకు తెలుస్తుంది. నువ్వు పట్టించుకోవలసింది దాన్ని.

నువ్వు చేరకముందు జరిగింది చెబుతాను. ఒక పోటీలో మన కుర్రాడొకడు చీలమండ మెలిపడినా కుంటుకుంటూ గీత దాటాడు. మర్నాడు వాణ్ణి ముందుకు పిలిచి అందరిచేతా చప్పట్లు కొట్టించాను. “పట్టుదలంటే ఇలా ఉండాలి” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. రెండు నెలల తర్వాత, 400 మీటర్లు పరిగెత్తే 14 ఏళ్ల పిల్ల ఒకతె ప్రతి రౌండు కాగానే వంగి లేసు కట్టుకోవడం మొదలుపెట్టింది. ఎప్పుడూ కుడికాలి లేసే. కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం. “వచ్చేటప్పుడే గట్టిగా ముడేసుకుని రాలేవా?” అని రెండు మూడుసార్లు కసిరాను. మూడు వారాలు అలాగే గడిచాయి. ఒకరోజు వంగిన పిల్ల లేవలేకపోయింది. స్కాన్ తీస్తే మోకాలి కింది ఎముకలో సన్నటి పగులు. స్ట్రెస్ ఫ్రాక్చర్ అన్నారు. లేసు వంకతో ఆ పిల్ల ఎముకను అదిమిపట్టుకునేదని అప్పుడు అర్థమైంది. “ముందే ఎందుకు చెప్పలేదమ్మా?” అని అడిగాను. “ఆ అన్నకి చప్పట్లు కొట్టించారు కదా సార్” అంది.

ఆ సీజనంతా ఆ పిల్లకు పోయింది. తప్పు పూర్తిగా నాది. మనం నోటితో చెప్పే నియమాలు పిల్లలు సగం సగమే వింటారు. ఎవరిని మెచ్చుకున్నాం, ఎవరి మీద విసుక్కున్నాం అన్నది మాత్రం ఒక్కటి కూడా వదలరు. జట్టు నడిచేది దాని ప్రకారమే.

ఆ తర్వాత నేను మార్చుకున్నది చిన్న పనే. వార్మప్ జాగింగ్‌లో ఒక్కొక్కరి పక్కన నాలుగడుగులు నడిచి, “ఇవాళ ఎక్కడైనా పట్టేసిందా?” అని విడిగా అడిగేవాణ్ణి. అందరి ముందూ అడిగితే అందరూ “లేదు సార్” అనే అంటారు. ఎవరైనా ఉందంటే నా నోటి నుంచి వచ్చే మొదటి మాట “చెప్పి మంచి పని చేశావు” అయ్యేలా అలవాటు చేసుకున్నాను. నొప్పి చెప్పినందుకు జట్టులో చోటు పోదని కూడా వాళ్లకు కళ్లతో చూపించాలి. ఒక్కరు చెప్పి చోటు పోగొట్టుకున్నారా, మిగతా వాళ్ల నోళ్లు ఆ రోజుతో మూతపడతాయి.

ఆడపిల్లలు ఇంచుమించు 12 ఏళ్లప్పుడు, మగపిల్లలు 14 ఏళ్లప్పుడు చాలా వేగంగా పొడుగవుతారు. ఆ నెలల్లో ఎముకలకు, కండరాలు అతుక్కునే చోట్లకు దెబ్బ త్వరగా తగులుతుంది. నిన్నటిదాకా చక్కగా పరిగెత్తిన పిల్ల హఠాత్తుగా తడబడుతుంది. దాన్ని బద్ధకం అనుకోకు. మామూలు ఒళ్లునొప్పులు వేరు, ఎముక మీద ఒకేచోట వేలు పెట్టి చూపించే నొప్పి వేరు. ఆ రెండోది కనిపిస్తే ప్రాక్టీసు ఆపి డాక్టరు దగ్గరికి పంపు. తలకు దెబ్బ తగిలి తూలినా, కళ్లు తిరిగినా, అయోమయంగా మాట్లాడినా, ఆ రోజుకి ఆ పిల్ల మళ్లీ దిగకూడదు. ఇందులో పిల్లల మాటా వినకు, తల్లిదండ్రుల మాటా వినకు.

ఇక మాటల సంగతి. బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ వుడెన్ 12 ఏళ్లలో 10 సార్లు అమెరికా కాలేజీ చాంపియన్‌షిప్ గెలిపించాడు. 1974–75 సీజన్‌లో ఇద్దరు పరిశోధకులు ఆయన ప్రాక్టీసులు 15 కూర్చుని చూసి, ఆయన ఏం మాట్లాడుతున్నాడో లెక్కపెట్టారు. సగానికి పైగా, ఏం చెయ్యాలో ఎలా చెయ్యాలో చెప్పే మాటలే. మెచ్చుకోలు 7 శాతం దగ్గర, ఉత్త తిట్లు కూడా ఇంచుమించు అంతే. ఉపన్యాసాల జోలికి పోలేదు. తప్పు కనిపించగానే ఆపి, సరైనది చేసి చూపి, వాళ్లు చేసింది చూపి, మళ్లీ సరైనది చూపేవాడు. అంతా కొన్ని సెకన్లలో అయిపోయేది.

నువ్వూ అలా చెయ్యి. రిలేలో ఒకరి చేతి నుంచి మరొకరికి అందే కర్ర, బ్యాటన్ సంగతే చూడు. “బ్యాటన్ సరిగ్గా అందుకోవే!” అని అరిస్తే ఆ పిల్లకు తెలిసేది నీకు కోపం వచ్చిందన్న ఒక్క సంగతే. “చెయ్యి వెనక్కి పూర్తిగా చాపు, అరచెయ్యి పైకి, అందేదాకా కదపకు” అంటే చెయ్యడానికి ఒక పని దొరుకుతుంది. తిట్టిన మర్నాడు పిల్ల రాకపోతే, ఎందుకు రాలేదో నీకెవరూ చెప్పరు. 1992లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, పిల్లల బేస్‌బాల్ కోచ్‌లు కొందరికి ప్రోత్సహిస్తూ నేర్పడం ఎలాగో ముందుగా శిక్షణ ఇచ్చారు. వాళ్ల దగ్గర ఆడిన పిల్లల్లో మరుసటి ఏడాది తిరిగి రానివాళ్లు 5 శాతం. శిక్షణ లేని కోచ్‌ల దగ్గర 26 శాతం. గెలుపోటముల్లో మాత్రం రెండు వైపులా పెద్ద తేడా లేదు. నా మొదటి ఏళ్లలో అలా వెళ్లిపోయిన పిల్లల ముఖాలు కొన్ని ఇప్పటికీ కళ్ల ముందు మెదులుతాయి.

నీది రిలే జట్టు కాబట్టి 2016 రియో ఒలింపిక్స్‌లో నలుగురు తలా వంద మీటర్లు పరిగెత్తే 4×100 రిలే ఫైనల్ పిల్లలకు తప్పకుండా చూపించు. వంద మీటర్లను 10 సెకన్లలోపు పరిగెత్తినవాడు అప్పటికి జపాన్ జట్టులో ఒక్కడూ లేడు. అయినా 37.60 సెకన్లలో రజతం పట్టుకుపోయారు. వాళ్లకంటే వేగమైన వాళ్లున్న అమెరికా జట్టు బ్యాటన్ మార్పిడి దగ్గర నిబంధన తప్పి అనర్హత పాలైంది.

ఆ మార్పిడిని నేను చెప్పే నమ్మకానికి ఉదాహరణగా ఎన్నోసార్లు వాడాను. అందుకునే పిల్ల వెనక్కి చూడదు. వెనక నుంచి వచ్చే పిల్ల నేల మీద గుర్తుగా అంటించిన టేపు దాటగానే, ముందున్న ఈ పిల్ల పూర్తి వేగంతో పరుగు అందుకుంటుంది. వెనక పిల్ల “హ్యాండ్!” అనగానే చెయ్యి చాపుతుంది. ఆ టేపు ఎక్కడ అంటించాలన్నది మాటలతో తేలేది కాదు. అడుగులు కొలిచి, పరిగెత్తి చూసి, ఒక అడుగు ముందుకో వెనక్కో జరిపి, అలసిపోయినప్పుడు మళ్లీ చూసి తేల్చుకోవాలి. “ఒకరినొకరు నమ్మండి” అని నువ్వు వందసార్లు చెప్పినా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంటారు. కొలత కుదిరితే చెప్పక్కర్లేకుండానే మెడ తిరగడం మానేస్తారు.

ఆ అడుగులు మాత్రం వాళ్లనే కొలవనివ్వు. నీకు గుర్తుందా, ఒకసారి నేను పెట్టిన టేపును నువ్వు రెండడుగులు ముందుకు జరిపావు. నాకు కోపం వచ్చింది. “ఆమె ఆఖర్లో నెమ్మదిస్తుంది సార్, నేను తొందరపడి దాటిపోతున్నా” అన్నావు. పరిగెత్తించి చూశాను. నువ్వన్నదే నిజమైంది. రెండో లెగ్ పిల్ల ఆఖరి పది మీటర్లు ఎలా ఉంటాయో నీకు తెలిసినంతగా గట్టున నిలబడిన నాకెలా తెలుస్తుంది? ఆ రోజు నుంచి టేపు పిల్లల చేతికే ఇచ్చాను. పోటీ రోజున ఎలాగూ మనం ట్రాక్ మీద ఉండం.

సెలక్షన్ అప్పుడు ముందు పుట్టిన తేదీలు చూడు. వయసు లెక్కకు పెట్టుకున్న కటాఫ్ తేదీ తర్వాత వెంటనే పుట్టిన పిల్లకూ, ఆ ఏడాది చివర పుట్టిన పిల్లకూ దాదాపు సంవత్సరం తేడా. పెద్దపిల్లను ప్రతిభావంతురాలనీ, చిన్నపిల్లను పనికిరానిదనీ అనుకోవడం చాలా తేలిక. కెనడా ఐస్ హాకీ పై స్థాయి జట్లలో సంవత్సరం మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా ఉన్నారని 1985లోనే పరిశోధకులు గమనించారు, అక్కడ కటాఫ్ జనవరి 1. ఈ ఏడాది చోటు దక్కని చిన్నపిల్లల్ని ప్రాక్టీసు నుంచి పంపెయ్యకు. చోటు దక్కలేదన్న మాట నోటీసు బోర్డు చెప్పకూడదు, నువ్వు ఎదురుగా కూర్చుని కారణంతో సహా చెప్పాలి. ఆ పది నిమిషాలూ కష్టంగా ఉంటాయి. నేను చాలాసార్లు తప్పించుకున్నాను, తప్పించుకున్న ప్రతిసారీ ఒక పిల్ల నా ముఖం చూడటం మానేసింది.

తల్లిదండ్రులతో సీజను మొదట్లోనే ఒకసారి కూర్చో. పోటీ ముగిసిన వేడిలో మాత్రం ఎవరితోనూ వాదించకు. కెప్టెన్‌గా అందరికంటే వేగంగా పరిగెత్తే పిల్లనే పెట్టాలని లేదు. మిగతా వాళ్లు నీళ్లు తాగేటప్పుడు ఎవరి చుట్టూ చేరుతున్నారో రెండు వారాలు చూడు.

నువ్వు తప్పు చేస్తే, అందరి ముందు చేసిన తప్పయితే అందరి ముందే ఒప్పుకో. ఆ స్ట్రెస్ ఫ్రాక్చర్ పిల్ల కోలుకుని మొదటిరోజు వచ్చినప్పుడు నేను జట్టును కూర్చోబెట్టి, చప్పట్లు కొట్టించడం నా పొరపాటని చెప్పాను. మర్యాద పోతుందేమోనని ముందురోజంతా మథనపడ్డాను. ఆ సాయంత్రమే ఇద్దరు పిల్లలు విడివిడిగా వచ్చి తమ నొప్పులు చెప్పుకున్నారు.

మొదటిరోజు ప్రసంగం వద్దు. పేర్లు కనుక్కో, పరుగు చూడు, వార్మప్‌లో వెనక వరస పక్కన నడువు. వారం తర్వాత నాకు ఉత్తరం రాయి. టైమింగులు అక్కర్లేదు. జట్టులో అందరికంటే తక్కువ మాట్లాడే పిల్ల ఎవరో, ఆ పిల్ల నీతో అన్న మొదటి మాట ఏమిటో రాయి.

ఆశీస్సులతో,
మీ సార్