అన్ని రౌట్లకీ ఒకే సర్టిఫికెట్ పెట్టబోతున్న మా మేనకోడలికి

తల్లీ,

మీ క్లస్టర్‌లో (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) రౌట్లన్నిటికీ, అంటే యాప్‌ల వెబ్ అడ్రసులన్నిటికీ, ఒకే డిఫాల్ట్ సర్టిఫికెట్ పెట్టే పని నీ చేతికిచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అదేమిటో ఆవిడకి తెలీదు గానీ మురిపెం మాత్రం దాగలేదు. నాకూ సంతోషమే, గుబులూ ఉంది. విడివిడి సర్టిఫికెట్లలో ఒకటి చెడితే ఒక యాపే పోతుంది. ఇది చెడితే కన్సోల్ (క్లస్టర్‌ని నడిపే వెబ్ పేజీ) లాగిన్‌తో సహా అన్నీ పోతాయి.

యాప్‌లు నడిపే మీ ప్లాట్‌ఫామ్ ఓపెన్‌షిఫ్ట్‌లో పని చిన్నదే. ఓపెన్‌షిఫ్ట్-ఇన్‌గ్రెస్ నేమ్‌స్పేస్‌లో (క్లస్టర్‌లో ఒక విభాగం) సర్టిఫికెట్‌నీ కీనీ దాచే టీఎల్ఎస్ సీక్రెట్ చేసి, బయటి ట్రాఫిక్‌ని యాప్‌లకి పంపే రౌటర్‌ని చూసుకునే డిఫాల్ట్ ఇన్‌గ్రెస్ కంట్రోలర్ సెట్టింగుల్లో దాని పేరు ప్యాచ్ చెయ్యి. కీకి పాస్‌వర్డ్ ఉండకూడదు. సంతకం మీ కంపెనీ సొంత సీఏదైతే (సీఏ అంటే సర్టిఫికెట్లు జారీచేసేది), దాని రూట్‌ని, అంటే అన్నిటికన్నా పై సర్టిఫికెట్‌ని, ముందుగానే క్లస్టర్ ప్రాక్సీ ట్రస్టెడ్ సీఏలో (క్లస్టర్ నమ్మే సీఏల జాబితా) చేర్చు.

ఇక అందరూ బోల్తాపడే చోటు. సీఏ వాళ్లు సర్టిఫికెట్‌నీ, దాన్ని రూట్‌తో కలిపే ఇంటర్మీడియట్ సర్టిఫికెట్‌నీ వేరు వేరు ఫైళ్లుగా ఇస్తారు. తొందరలో మొదటిదొక్కటే సీక్రెట్‌లోకి వెళ్తుంది. రౌటర్ కిమ్మనదు, పాడ్లన్నీ (యాప్‌లు నడిచే కంటైనర్లు) పచ్చగానే ఉంటాయి, బ్రౌజర్ కూడా ఏ హెచ్చరికా చూపదు. ఎందుకంటే బ్రౌజర్ చాలాసార్లు ఆ ఇంటర్మీడియట్‌ని తనే తెచ్చుకుంటుంది, లేదా దాని దగ్గర ముందే ఉంటుంది. కమాండ్ లైన్ నుంచి వెబ్‌ని పిలిచే కర్ల్ మామూలుగా అలా తెచ్చుకోదు, జావా కూడా అంతే. అర్ధరాత్రి నడిచే బ్యాచ్‌లో 'పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్' అని పడ్డాకే సంగతి బయటపడుతుంది. అప్పుడెవరో కర్ల్‌కి సర్టిఫికెట్ తనిఖీ ఆపేసే 'కె' ఆప్షన్ తగిలించి గండం గట్టెక్కిస్తారు, ఆ 'కె' ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. నువ్వు ఆ పని చేశావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

ఫైల్లో ముందు నీ సర్టిఫికెట్, కింద ఇంటర్మీడియట్, అదీ వరస. రూట్ అక్కర్లేదు. రెండు ఫైళ్లూ క్యాట్ కమాండ్‌తో కలిపేటప్పుడు మొదటి దాని చివర కొత్త లైను లేకపోతే ఎండ్ గీతలూ బిగిన్ గీతలూ అతుక్కుపోయి ఫైలు చెడుతుంది. ఒకసారి తెరిచి కళ్లతో చూడు. తర్వాత సర్వర్ పంపే సర్టిఫికెట్లు చూపే ఓపెన్ఎస్ఎస్ఎల్ ఎస్_క్లయింట్ కమాండ్‌ని సర్వర్‌నేమ్, షోసర్ట్స్ ఇచ్చి నడిపితే వెరిఫై కోడ్ 0 రావాలి. నీ ల్యాప్‌టాప్‌లో కాదు, ఖాళీ కంటైనర్‌లో.

సర్టిఫికెట్ పేరులోని నక్షత్రం గుర్తు ('*.యాప్స్' లాంటిది) ఒక్క మెట్టుకే పనిచేస్తుంది: 'బిల్లింగ్.యాప్స్'కి సరే, 'టెస్ట్.బిల్లింగ్.యాప్స్'కి చెల్లదు. పాస్‌త్రూ రౌట్లకి (రౌటర్ టీఎల్ఎస్‌ని విప్పకుండా నేరుగా యాప్‌కే పంపేవి) మామూలుగా దీంతో సంబంధం లేదు. డిఫాల్ట్ సర్టిఫికెట్ వాడే రౌట్లకి హెచ్‌టీటీపీ/2 (వెబ్ ప్రొటోకాల్‌లో ఒక వెర్షన్) రాదు, ఎవరైనా అడిగితే కంగారుపడకు. గడువు సంగతి చేత్తో గుర్తుపెట్టుకునే రోజులు పోతున్నాయి: పబ్లిక్ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47. పునరుద్ధరణని ఇప్పుడే ఆటోమేట్ చెయ్యి.

శుక్రవారం సాయంత్రం దీన్ని ముట్టుకోకు. మారతహళ్లిలో ఊరి బస్సు కోసం నిలబడి ల్యాప్‌టాప్ తెరిచే ఖర్మ నీకెందుకు? మంగళవారం పొద్దున చెయ్యి, ముందు కడుపునిండా టిఫిన్ తిని. పాత సీక్రెట్ చెరపకు, తేడా వస్తే ప్యాచ్‌లో దాని పేరే తిరిగివ్వు. అయితే ఆ ప్యాచ్ చెయ్యాలన్నా లోపలికి వెళ్లాలిగా. లాగిన్ సంగతి చూసే ఓఆథ్ కూడా ఇదే రౌటర్ మీదుగా వస్తుంది కాబట్టి ఓసీ (ఓపెన్‌షిఫ్ట్ కమాండ్) లాగిన్ కూడా మొరాయించవచ్చు. ఇన్‌స్టాలర్ ఇచ్చిన అడ్మిన్ క్యూబ్‌కాన్ఫిగ్ (లాగిన్ ఆధారాలు తనలోనే ఉన్న ఫైలు) మాత్రం నేరుగా క్లస్టర్ ఆదేశాలు తీసుకునే ఏపీఐ సర్వర్ 6443 పోర్టుకి వెళ్తుంది. అది ఎవరి దగ్గరుందో, ఇంకా పనిచేస్తోందో లేదో సోమవారమే చూసుకో.

మీ మామయ్య