టమాటా తెగులు శనగకు అంటుకుందా?

సందేహం: వర్షాధారంగా నల్లరేగడిలో జేజీ 11 శనగ వేశాను. నిరుడు అదే చేలో టమాటా వడలి చచ్చిపోతే, మందుల దుకాణంలో ఫ్యుజేరియం ఆక్సిస్పోరం అనే శిలీంధ్రం అన్నారు. ఇప్పుడు శనగ కాయ దశలో ఉంది. అక్కడక్కడా మొక్కలు గడ్డి రంగుకు తిరిగి ఎండిపోతున్నాయి. పీకితే పైభాగం చేతికి వస్తోంది, తల్లివేరు సగం భూమిలోనే ఉండిపోతోంది. శనగ ఎండు తెగులుకూ ఫ్యుజేరియం ఆక్సిస్పోరమే కారణమని ఫోనులో చదివాను. టమాటా నుంచే అంటుకుందని, కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని మొదళ్లలో పోయాలని దుకాణదారు అంటున్నారు. ఈ చేలో ఇక శనగ మానేయాలా?
– ఒక రైతు, నంద్యాల జిల్లా

సలహా: మానేయనక్కరలేదు. ముందు ఆ మందు కొనకండి.

మీరు చదివింది నిజమే, కానీ సగమే. ఫ్యుజేరియం ప్రజాతి పేరు, ఆక్సిస్పోరం జాతి పేరు. శిలీంధ్రం విషయంలో అక్కడితో ఆగితే మనకు పనికొచ్చే సమాచారం ఏమీ రాదు. ఈ జాతిలో ఏ పంటకూ హాని చేయకుండా మట్టిలో బతికేవీ ఎన్నో ఉన్నాయి. తెగులు తెచ్చేవాటికి జాతి పేరు తరువాత ఇంకో మాట చేరుస్తాం. ఆ స్థాయిని ఫార్మా స్పెషాలిస్, అంటే ప్రత్యేక రూపం అంటారు. శనగకు వచ్చేది సైసెరిస్, టమాటాకు వచ్చేది లైకోపెర్సిసి, అరటికి వచ్చేది క్యూబెన్స్. సూక్ష్మదర్శినిలో మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఏ పంటను ఎండబెడుతుందో చూసి పెట్టిన పేర్లు ఇవి. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఊళ్లో నలుగురుంటే పాసుపుస్తకంలో తండ్రి పేరు చూస్తాం కదా, ఇక్కడ పంట పేరు చూడాలి. టమాటాను చంపిన లైకోపెర్సిసి మీ శనగను ఎండబెట్టదు.

ప్రత్యేక రూపం కింద మళ్లీ రేసులు, అంటే ఉపరకాలు ఉన్నాయి. శనగ ఎండు తెగులులో 1982లోనే హైదరాబాద్, కాన్పూర్, గురుదాస్‌పూర్, హిస్సార్ నమూనాల నుంచి నాలుగింటిని గుర్తించారు. ఒకచోట తట్టుకున్న రకం మరోచోట పడిపోవడానికి ఇదీ ఒక కారణం. కందికి వచ్చే ఎండు తెగులు సంగతి వేరు. అది ఫ్యుజేరియం ఉడమ్, జాతే వేరు. అయినా శనగ ఎండు తెగులున్న చేలో పంట మార్పిడికి కంది మంచిది కాదు. సైసెరిస్ కంది వేళ్లలో ఏ లక్షణమూ చూపకుండా దాక్కోగలదు.

ఇదంతా చెప్పాక అసలు మాట: మీ చేలో ఉన్నది ఎండు తెగులు కాదు. జేజీ 11 దాన్ని తట్టుకునే రకం. పైగా ఎండు తెగులు సోకిన మొక్కకు వేరు పైకి బాగానే కనిపిస్తుంది. మొదలు దగ్గర కాండాన్ని నిలువునా చీలిస్తే లోపల ముదురు గోధుమ రంగు చార ఉంటుంది. మీ మొక్కల తల్లివేరు పుటుక్కున విరుగుతోంది. పార పెట్టి తవ్వి తీసి చూడండి: వేరు నల్లబడి, పిల్లవేళ్లు రాలిపోయి ఉంటే అది ఎండు వేరుకుళ్లు. కారకం రైజోక్టోనియా బటాటికోలా అనే శిలీంధ్రం. పూత, కాయ దశలో పదును ఆరిపోయి, పగటి వేడి 30 డిగ్రీలు దాటితే విజృంభిస్తుంది. దీనికి పంటల వారీ పట్టింపు లేదు. 500కు పైగా మొక్కల మీద బతుకుతుంది. జొన్న, మొక్కజొన్న, నువ్వు, వేరుశనగ అన్నీ దానికి ఆహారమే. జొన్న వేస్తే చేను శుభ్రపడుతుందన్న లెక్క ఇక్కడ కుదరదు.

మందు పోయడం సంగతి లెక్క వేసి చూడండి. 30×10 సెం.మీ. దూరంలో ఎకరాకు లక్షా ముప్పై వేలకు పైగా మొక్కలు. మొక్కకు 100 మి.లీ. చొప్పున పోస్తే 13,000 లీటర్లు, లీటరుకు 1 గ్రాము చొప్పున 13 కిలోల మందు. ఆ దుకాణదారు ఈ లెక్క మీకు చెప్పి ఉండరు. మొక్కను పీకి చూడకుండా మందు పేరు చెప్పే సలహాను ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. ఎండిన మొక్క ఎలాగూ తిరిగి లేవదు. నీటి వసతి ఉంటే తుంపర్లతో ఒక తేలికపాటి తడి ఇవ్వండి, మిగిలినవి నిలుస్తాయి. కాలువ కట్టి నిండుగా పారించకండి.

వచ్చే ఏడాదికి: 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి (తెగులు శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం) కలిపి, నీడలో తడి ఆరకుండా వారం పది రోజులు ఉంచి, ఆఖరి దుక్కిలో ఎకరాకు వేయండి. కిలో విత్తనానికి 1.5 గ్రా. టెబుకొనజోల్ 2 డి.ఎస్. పట్టించండి. ట్రైకోడెర్మా వేసిన చేలో కార్బెండజిమ్ పోస్తే వేసిన ఖర్చును మీరే చంపుకున్నట్లు. అక్టోబరులో పదును దొరికితే నవంబరు దాకా ఆగకుండా విత్తండి, గింజ కట్టే సమయానికి ఎండలు ముదరవు.

నిర్ధారణ కావాలంటే పూర్తిగా ఎండినవి కాదు, సగం వాడిన మొక్కలు నాలుగైదు వేళ్లతో, మట్టితో సహా తవ్వి, కాగితంలో చుట్టి నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి పట్టుకెళ్లండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే దారిలోనే కుళ్లిపోతాయి. గత మూడేళ్లుగా ఆ చేలో ఏ పంట వేశారో చీటీ మీద రాసి జతచేయండి.