కుదరకపోతే టీమ్ పెడతానన్న అల్లుడికి

అల్లుడూ,

నీ పొడుగాటి మెసేజ్ చదివాను. మీ నాన్న కొంపల్లి ప్లాటు అమ్మడానికి ఒప్పుకున్నాడని, ఆ డబ్బుతో వచ్చే ఏడాది యూరప్‌లో ఫార్ములా 4 సీటు, అంటే కుర్ర డ్రైవర్ల మొదటి మెట్టు రేసుల్లో ఒక టీమ్ కారు, తీసుకుంటానని, డ్రైవర్‌గా కుదరకపోతే తిరిగొచ్చి సొంత టీమ్ పెట్టుకుంటానని రాశావు. ప్లాటు సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఆ చివరి ముక్క. "కుదరకపోతే టీమ్" అని అంత తేలిగ్గా ఎలా రాశావురా? చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు ట్రాక్ దగ్గర స్పానర్ పట్టుకుని మొదలుపెట్టి టీమ్ లెక్కలు చూసేదాకా వచ్చినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, కారు నడపడం ఒక ఉద్యోగం, టీమ్ నడపడం ఇంకో ఉద్యోగం. మొదటిదాంట్లో ఫెయిలైనంత మాత్రాన రెండోదానికి అర్హత వచ్చేయదు. ఆ మాటకొస్తే పాసైనా రాదు.

నమ్మకం లేకపోతే ఎమర్సన్ ఫిట్టిపాల్డి సంగతి చూడు. 1972లో, 1974లో రెండుసార్లు ఫార్ములా 1 ప్రపంచ ఛాంపియన్. 1975లో రెండో స్థానం. చేతిలో మెక్‌లారెన్ సీటు ఉంది, అంటే అప్పట్లో పోటీలో ఉన్న మంచి కార్లలో ఒకటి. అది వదిలేసి 1976లో అన్న విల్సన్‌తో కలిసి సొంత టీమ్‌లోకి వెళ్ళాడు. స్పాన్సర్ కోపర్‌సుకార్, బ్రెజిల్ చక్కెర సహకార సంస్థ. దేశమంతా వెనకాల ఉంది, డబ్బుంది, ప్రపంచంలోకెల్లా గొప్ప డ్రైవర్లలో ఒకడు కారులో ఉన్నాడు. అయినా 1982 చివర్లో మూతపడేదాకా ఆ టీమ్ ఒక్క రేసు కూడా గెలవలేదు. ఇందులో మంట పుట్టించే విషయం ఏమిటంటే, అతను ఖాళీ చేసిన మెక్‌లారెన్ సీట్లో కూర్చున్న జేమ్స్ హంట్ ఆ 1976లోనే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అలాంటి ఫిట్టిపాల్డి తర్వాత అమెరికా వెళ్ళి, వేరేవాళ్ళ టీమ్‌ల్లో ఉత్త డ్రైవర్‌గా కూర్చుని, 1989లో ఒకసారి, 1993లో ఇంకోసారి అమెరికాలో అన్నిటికంటే పేరున్న రేసు ఇండియానాపొలిస్ 500 (ఇండీ 500) గెలిచాడు. చేయి పోలేదు, వేగం పోలేదు. జీతాలు, విడిభాగాలు, డిజైనర్ల గొడవలు నెత్తిన లేకపోయేసరికి మళ్ళీ తన పని తను చేసుకున్నాడు. నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్ అలాన్ ప్రోస్ట్ కూడా 1997లో లిజియే టీమ్ కొని తన పేరు పెట్టుకున్నాడు. ఐదు సీజన్లు నడిచి 2002 మొదట్లో దివాలా తీసింది.

ఇప్పుడు దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి, రోజర్ పెన్స్కీ. మంచి డ్రైవరే, ఇంకా పేరు తెచ్చుకునేవాడే, కానీ ముప్పై నిండకుండానే 1964 సీజన్‌తో రేసింగ్ ఆపేసి ఫిలడెల్ఫియాలో షెవర్లే డీలర్‌షిప్ తీసుకున్నాడు. ముందు వ్యాపారం, ఆ తర్వాత టీమ్. 1972లో మార్క్ డోనహ్యూ అతని టీమ్‌కి మొదటి ఇండీ 500 విజయం తెచ్చాడు. 2024 నాటికి ఆ లెక్క 20కి చేరింది, మధ్యలో 2019లో ఏకంగా ఆ రేసు జరిగే ట్రాక్‌నీ, ఆ రేసు భాగమైన ఇండీకార్ సిరీస్‌నీ కొంటున్నానని ప్రకటించాడు. అందరం పెన్స్కీలం కాలేం, అది నాకూ తెలుసు. నువ్వు గమనించాల్సింది వరస. టీమ్‌ని పోషించే ఆదాయం టీమ్ బయట ముందే ఉంది. చిప్ గనాసీ కూడా అంతే. డ్యూకేన్ యూనివర్సిటీలో ఫైనాన్స్ చదివాడు. 1984లో మిషిగన్‌లో పెద్ద యాక్సిడెంట్ అయ్యాక డ్రైవింగ్ దాదాపుగా ముగిసింది. అయినా వెంటనే సొంత బోర్డు పెట్టేయలేదు. ముందు ప్యాట్ ప్యాట్రిక్ టీమ్‌లో వాటాదారుగా చేరి పని చూసి, 1990లో తన పేరుతో మొదలుపెట్టాడు. 1996 నుంచి 1999 దాకా వరసగా నాలుగు కార్ట్ (CART, అప్పటి అమెరికా పెద్ద రేసింగ్ సిరీస్) ఛాంపియన్‌షిప్‌లు అతని డ్రైవర్లవే. ఆ సిరీస్‌లో డ్రైవర్‌గా అతనికి ఒక్క గెలుపూ లేదు, ఆ సంగతి ఇప్పుడు ఎవరూ అడగరు.

నన్నడిగితే అందరికంటే ఎక్కువ చదవాల్సింది బాబీ రేహాల్ కథ. 1986 ఇండీ 500 విజేత. 1992లో కార్ల్ హోగన్‌తో కలిసి టీమ్ తీసుకుని, ఓనరూ తనే డ్రైవరూ తనే అయి, ఆ మొదటి ఏడాదే ఛాంపియన్‌షిప్ కొట్టాడు. ఇది చూసి "అదిగో, కుదురుతుంది కదా మామయ్యా" అంటావు. ఆగు. మరుసటి ఏడాది చాలామందిలా బయటి చాసిస్ (కారు చట్రం) కొనుక్కోకుండా సొంత చాసిస్ నమ్ముకున్నారు. ఫలితం, ఛాంపియన్ హోదాలో ఉన్న మనిషి 1993 ఇండీ 500కి క్వాలిఫై కూడా కాలేకపోయాడు, అంటే రేసులో చోటుకి సరిపడా వేగమే అందలేదు. 1994లో హోండా ఇంజిన్. అది అప్పటికి కొత్తది, ఇండీలో వేగం చాలలేదు. అప్పుడు రేహాల్ ఏం చేశాడో తెలుసా? బెట్టు చేయకుండా తన ప్రత్యర్థి పెన్స్కీ దగ్గరికి వెళ్ళి ముందటేడాది కార్లు అద్దెకు తెచ్చుకున్నాడు. వాటితో క్వాలిఫై అయి మూడో స్థానంలో వచ్చాడు. ఆ రేసు గెలిచింది పెన్స్కీ టీమే. ఇక 1995 చూడు, అదే పెన్స్కీ కార్లు ఇండీలో ఎంతకీ వేగం అందుకోలేక అల్లాడుతుంటే ఈసారి రేహాల్ తన దగ్గరున్న లోలా కంపెనీ కార్లు ఇచ్చాడు. అయినా పెన్స్కీ డ్రైవర్లు ఇద్దరూ క్వాలిఫై కాలేదు, ఆ ఇద్దరిలో ఒకడు ఇందాక చెప్పిన ఫిట్టిపాల్డే. 

ఇది ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, ప్యాడక్‌లో, అంటే ట్రాక్ దగ్గర టీమ్‌లన్నీ దిగే చోట, నిన్ను ఒడ్డున పడేసేవి ఇలాంటి సంబంధాలే. నువ్వేమో పోయిన రౌండ్‌లో పక్క టీమ్ చీఫ్ మెకానిక్‌తో గొడవ పెట్టుకున్నావట. నాకు అన్నీ తెలుస్తాయి. గేర్‌బాక్స్ పోయిన రోజు రాత్రి నువ్వు తలుపు తట్టేది అతనిదే, వెళ్ళి మాట్లాడుకో.

మైకేల్ ఆండ్రెటీది ఇంకో రకం. డ్రైవర్‌గా ఇండీకార్‌లో 42 రేసులు గెలిచాడు, ఇండీ 500లో 431 ల్యాపులు ముందున్నాడు, కానీ ఒక్కసారీ గెలవలేదు. ఓనర్‌గా ఐదుసార్లు గెలిచాడు, మొదటిది 2005లో డాన్ వెల్డన్‌తో. అంతటివాడు ఫార్ములా 1లోకి వస్తానంటే 2024 జనవరిలో కాదు పొమ్మన్నారు. అతను పక్కకి తప్పుకున్నాకే, ఆ ఏడాది చివర్లో, జనరల్ మోటార్స్ క్యాడిలాక్ పేరుతో 2026 ఎంట్రీకి ఒప్పుకున్నారు. ఓనర్‌గా నీ పేరే టీమ్‌కి అడ్డం పడే రోజు రావచ్చు. ఆ రోజు నవ్వుతూ తలుపు తీసుకుని బయటికి నడిచే మనసుందా నీకు?

వీళ్ళంతా పెద్దపెద్ద పేర్లు అనుకుంటావు. సరే, సారా ఫిషర్‌ని చూడు. 2008లో భర్తతో కలిసి సొంత టీమ్ పెట్టి ఇండీ 500కి వచ్చింది. ఇస్తామన్న స్పాన్సర్ డబ్బు రాలేదు. అభిమానులు చేతిలో డబ్బు పెడితే తప్ప గట్టెక్కే పరిస్థితి లేకపోయింది. 2010తో తను డ్రైవింగ్ ఆపేసి ఎడ్ కార్పెంటర్‌ని కారులో కూర్చోబెడితే 2011 కెంటకీలో టీమ్‌కి మొదటి విజయం. తన సీటు ఇంకొకరికిచ్చి పిట్ గోడ దగ్గర నిలబడడం డ్రైవర్లకి ఎంత కష్టమో నేను కళ్ళారా చూశాను, ఆమె అది చేసింది. తర్వాత ఆమె కుటుంబం ఇండియానాపొలిస్ ట్రాక్ దగ్గర్లో ఇండోర్ కార్టింగ్ సెంటర్ పెట్టుకుంది. అది కూడా రేసింగ్ కెరీరే, చిన్నచూపు చూడకు.

మన దేశంలో ఓనర్ అనగానే అందరికీ విజయ్ మాల్యా గుర్తొస్తాడు. 2007 చివర్లో స్పైకర్ టీమ్ కొని ఫోర్స్ ఇండియా అన్నారు, 2009లో బెల్జియంలోని స్పా ట్రాక్‌లో ఆ టీమ్ డ్రైవర్ ఫిసికెల్లా పోల్ (రేసు మొదట్లో అందరికంటే ముందు చోటు) కొట్టి రెండో స్థానంలో వచ్చినప్పుడు నేనూ టీవీ ముందు గంతులేశాను. 2018 జులైకి ఆ టీమ్ అప్పులవాళ్ళ చేతిలో పడింది. బాకీ రాని టీమ్ డ్రైవర్ సెర్జియో పెరెజే కోర్టుకెక్కాడు, చివరికి లారెన్స్ స్ట్రోల్ బృందం కొనుక్కుంది, ఇప్పుడు అదే ఆస్టన్ మార్టిన్. ఓనర్ బయటి వ్యాపారాలు కూలితే ట్రాక్ మీద ఎంత బాగా పరిగెత్తే టీమైనా నిలబడదు.

ఇక నీ డ్రైవింగ్. నొప్పిగా ఉంటుంది, కానీ చెప్పాలి. నీకు 22. యూరప్ ఫార్ములా 4లో నీ పక్కన నిలబడేది 15, 16 ఏళ్ళ పిల్లలు, వాళ్ళు ఏడెనిమిదేళ్ళప్పటి నుంచి కార్టింగ్‌లో, అంటే చిన్న కార్ట్‌ల రేసుల్లో, ఉన్నవాళ్ళు. ఫార్ములా 1 నడపాలంటే ఉండాల్సిన సూపర్ లైసెన్స్‌కి కింది సిరీస్‌ల్లో మూడు సీజన్లలో 40 పాయింట్లు కావాలి. ఫార్ములా 4 నుంచి ఫార్ములా 3, ఫార్ములా 2 మీదుగా అక్కడిదాకా వెళ్ళేసరికి వయసూ డబ్బూ రెండూ అయిపోతాయి. నరేన్ కార్తికేయన్ 28 ఏళ్ళకి జోర్డాన్ అనే ఫార్ములా 1 టీమ్ కారు ఎక్కాడు కదా అంటావు, అది 2005. ఈ పాయింట్ల లెక్క అప్పుడు లేదు, పైగా అతని వెనక టాటా ఉంది. కాబట్టి ఫార్ములా 1 మాట ఇవాళే పక్కన పెట్టు. హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023లో ఫార్ములా ఈ, ఆ ఎలక్ట్రిక్ కార్ల రేసు, చూసినప్పుడు ఎంత వెలిగిపోయావో నాకు గుర్తుంది, ఆ వెలుగు పోగొట్టుకోమని అనడం లేదు. ఇక్కడ నేషనల్స్‌లో ఎల్‌జీబీ ఫార్ములా 4లో ముందు వరసలో నిలకడగా రా. ఇండియన్ రేసింగ్ లీగ్‌లో సీటుకి ప్రయత్నించు. ఆ తర్వాత జపానో, అమెరికా జూనియర్ సిరీసో, స్పోర్ట్స్ కార్లో. రేసింగ్‌తో బతికే డ్రైవర్లలో ఎక్కువమంది అక్కడే ఉన్నారు, కోచింగ్ ఇస్తూ, టెస్టింగ్ చేస్తూ.

ప్లాటు విషయానికొస్తే, అక్కడ సీజన్‌కి లక్షల యూరోల్లో అడుగుతారు. సీటు కొనడమంటే ఏడాది అద్దె మొత్తం ముందే కట్టేసి, డిసెంబర్‌లో తాళం ఇచ్చేసి వచ్చేయడం. కొంపల్లి స్థలం మళ్ళీ కొనలేవు. అప్పు చేసినా, ఆస్తి అమ్మినా అది ఒక్క సీజన్‌కే సరిపోతుంది, రెండో సీజన్‌కి ఎవరిస్తారు? ఆ జవాబు లేకుండా మొదటి సీజన్ మొదలుపెట్టకు. మీ నాన్నకి నేను ఫోన్ చేసి మాట్లాడతాను, నీ మీద ప్రేమతో ఒప్పుకున్నాడు తప్ప లెక్క చూసి కాదు.

స్పాన్సర్ల కోసం నువ్వే తిరుగు, ఏజెంట్ మీద వదిలేయకు. టైర్ షాపు, కోచింగ్ సెంటర్, ఎవరైనా సరే. కారు మీద బొమ్మ వేస్తామంటే ఎవడూ డబ్బివ్వడు, వాళ్ళ డీలర్లని ట్రాక్‌కి పిలిచి భోజనం పెట్టి కారు పక్కన ఫోటోలు తీయిస్తామంటే వింటారు. కాదనిపించుకోవడం అలవాటు చేసుకో. టీమ్ పెట్టాలనే కోరిక నిజమైనదైతే ఈ పని నీకు కొంతకాలానికి నచ్చడం మొదలవుతుంది. ఎంతకీ నచ్చకపోతే నీ ప్రశ్నకి జవాబు దొరికినట్టే. ఈ సీజన్‌లో రేసు లేని వారాల్లో మీ టీమ్ మేనేజర్ పక్కన కూర్చో. టైర్లకెంత, లారీకెంత, మెకానిక్‌ల హోటల్‌కెంత, స్పేర్స్‌కెంత, ఏ బిల్లు ఎన్నాళ్ళు పెండింగ్‌లో ఉంది, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకో. డేటా షీట్లు చూడడం ఎలాగూ ఇంజినీర్ నేర్పిస్తాడు, లెక్కలు మాత్రం అడిగితే తప్ప ఎవరూ చూపించరు.

కాంట్రాక్ట్‌లో ముందు చూడాల్సింది క్రాష్ డ్యామేజ్. జూనియర్ సిరీస్‌ల్లో విరిగిన ఫ్రంట్ వింగ్, సస్పెన్షన్ ఖర్చు మామూలుగా డ్రైవరే కట్టాలి, వేరేవాడు వచ్చి గుద్దినా సరే. దానికి గరిష్ఠ పరిమితి రాయించుకో. టెస్ట్ రోజులు ఎన్నో అంకెల్లో ఉండాలి, "తగినన్ని" అని రాస్తే ఒప్పుకోకు. నీ ఇంజినీర్ ఎవరు, అతను ఇంకెన్ని కార్లు చూస్తాడు అని అడుగు. డబ్బు రౌండ్లవారీగా కడతానను, మొత్తం ముందే కట్టిన డ్రైవర్‌ని సీజన్ మధ్యలో పట్టించుకునే టీమ్‌లు తక్కువ. నడుమ టీమ్ మూతపడితే మిగతా సొమ్ము ఎలా తిరిగొస్తుందో రాసి ఉండాలి. ఇన్సూరెన్స్ ఏయే ఆసుపత్రి ఖర్చులకి వర్తిస్తుందో మీ అమ్మకి కూడా అర్థమయ్యేలా చదివి వినిపించు, పాపం అక్క నన్ను తిడుతోంది నేనే నిన్ను చెడగొట్టానని.

ఆ యూరప్ వాళ్ళు పంపిన కాగితాలు ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టు, చిన్న అక్షరాలతో సహా. శుక్రవారంలోగా అడ్వాన్స్ కట్టకపోతే సీటు పోతుందన్నారని రాశావు, పోనీ. నేను చదివి చెప్పేదాకా సంతకం పెట్టకు.

మీ మామయ్య