మోకాలు నొప్పెడుతోందా? పాదాలు చూసుకోండి

ప్రశ్న: హుంగ్ గార్ కుంగ్‌ఫూ నేర్చుకుంటున్నాను. గుర్రపు భంగిమలో (గుర్రమెక్కినట్టు కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి) నిమిషం నిలబడేసరికి మోకాలి లోపలివైపు నొప్పి వస్తోంది. ఓర్చుకోవాలా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వద్దు. తొడలు మండితే ఓర్చుకోండి, కీలు నొప్పిని మాత్రం ఓర్చుకోకూడదు. వాపు ఉంటే ముందు ఎముకల డాక్టరుకు చూపించండి.

సాధారణంగా తప్పు పాదాల దగ్గరే ఉంటుంది. వేళ్లు బయటికి తిరిగి, మోకాళ్లు లోపలికి వాలితే కీలు మెలిపడుతుంది. వింగ్ చున్ అనే మరో కుంగ్‌ఫూ శైలిలో వేళ్లూ మోకాళ్లూ రెండూ లోపలికే ఉంటాయి. వీడియోలు చూసి ఆ రెండు శైలులనూ కలిపేయకండి.

భంగిమలోకి ఇలా రండి: పాదాలు జోడించి మోకాళ్లు వంచండి. మడమల మీద తిరిగి వేళ్లు బయటికి, మునివేళ్ల మీద తిరిగి మడమలు బయటికి, మళ్లీ వేళ్లు, మళ్లీ మడమలు. చివరికి పాదాలు సమాంతరంగా, భుజాలకు దాదాపు రెట్టింపు వెడల్పులో నిలవాలి. మోకాలు రెండో వేలి సూటిలో ఉండాలి. అరికాలి వంపు కుంగితే మోకాలూ దాని వెంటే లోపలికి పోతుంది.

తొడలు నేలకు సమంగా రావాలన్న తొందర వద్దు. సగం ఎత్తులో 30 సెకన్ల చొప్పున 4 సార్లు, వారానికి 10 సెకన్లు పెంచండి. మన ఎండలకు చెమట కారి టైల్స్ మీద పాదం జారుతుంది, అప్పుడూ మోకాలే మెలిపడుతుంది. తెల్లవారుజామున గరుకు నేల మీద చేయండి.