ఇరవయ్యో తారీఖు దాటితే అరువే

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా వారు ప్రభుత్వ టీచరుగా రిటైరయ్యారు. పెన్షన్ 34 వేలు. ఒకటో తారీఖున పడితే వారం తిరక్కుండానే అడిగినవాళ్లకల్లా ఇచ్చేస్తారు. ఇరవై దాటాక బీపీ, షుగర్ మందులు నేను అరువు తెస్తున్నాను. బ్యాంకులో ఆరు లక్షలున్నాయి. కారు కోసం అబ్బాయి అవి అడుగుతున్నాడు. వద్దంటే ఆయనకు కోపం. ఏం చేయను?

జవాబు: అమ్మా, మీరు మందులు అరువు తెస్తున్నారన్న మాటే నన్ను పట్టుకుంది. ముందు అది ఆగాలి.

మాస్టారిది చెడ్డ గుణమేమీ కాదు. ఉద్యోగంలో ఉండగా చేయి ఖాళీ అయితే జీపీఎఫ్ (ఉద్యోగుల భవిష్యనిధి) నుంచి తీసుకున్న అప్పో, సరెండర్ లీవు (వాడుకోని సెలవుకు వచ్చే) డబ్బులో ఆదుకునేవి. ఇప్పుడా దన్ను లేదు, ఇచ్చే అలవాటు మాత్రం మిగిలింది. ఇవ్వొద్దని అనకండి, పెద్దరికం పోయిందనుకుంటారు. నెలకు మూడు వేలు ఆయన ఇష్టానికి వదిలేయండి, లెక్క అడగకండి. ఒకటో తారీఖునే నెల మందులన్నీ కొనేయండి. పదిహేను వేలు పెన్షన్ పడిన వెంటనే మీ పేరు మీదున్న ఖాతాలోకి ప్రతి నెలా దానంతటదే వచ్చేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రాయించండి. కంటికి కనబడని డబ్బు ఎవరికీ ఇవ్వలేరు.

ఆ ఆరు లక్షలు మాత్రం కదపకండి. లక్ష ఆసుపత్రి అవసరానికి ఎఫ్‌డీలో ఉంచి, మిగతా ఐదూ పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో, ఆయన పేరుకు మీ పేరు జతచేసి వేయండి. 60 నిండినవాళ్లకు 30 లక్షల దాకా అవకాశముంది. 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకు 10,250 వస్తుంది. చేరిన నాటి రేటే ఐదేళ్లూ ఉంటుంది. ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి మొదట్లో వడ్డీ పడుతుంది. మన ఇళ్లలో నెల పెన్షన్‌ను కుదేలు చేసేవి ఏడాది ఖర్చులే కదా! ఆవకాయకు కారం, నూనె, ఏడాది కందిపప్పు కొనే వేళకు ఏప్రిల్ వడ్డీ చేతికందుతుంది. పెన్షన్ జోలికి పోనక్కర్లేదు.

అబ్బాయితో మాస్టారి ఎదుటే మీరే చెప్పండి: "నాన్నా, ఇవి మా ఆసుపత్రి డబ్బులు. రేపు మాకేదైనా అయితే నిన్ను అడగాల్సిన పని లేకుండా ఉంచుకున్నాం." కాస్త అలగొచ్చు. అలగనివ్వండి.

వచ్చే ఒకటో తారీఖున మందుల షాపుకు ఇద్దరూ కలిసి వెళ్లండి. పాత బాకీ ఎంతో ఆయన్నే అడగనివ్వండి, ఆయన చేత్తోనే కట్టించండి.